నెమ్మదైన తూటాకే పతకం

2024 ఆగస్టు 1న ఫ్రాన్సులోని షాతోరూ షూటింగ్ కేంద్రంలో స్వప్నిల్ కుసాలే 451.4 పాయింట్లతో కాంస్య పతకం గెలిచాడు. 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయుడు అతనే. కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి కుర్రాడనీ, రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా పనిచేస్తున్నాడనీ ఆ వారమంతా పత్రికలు రాశాయి. అతని రైఫిల్లోంచి వెళ్లిన తూటా గురించి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే పాఠకులకు ఓ ఆశ్చర్యం దక్కేది. ఈ పోటీలో వాడే తూటా ధ్వని కన్నా నెమ్మదిగా వెళ్తుంది. అంతకంటే వేగంగా వెళ్లే తూటాలు అదే సైజులో, చాలా దేశాల దుకాణాల్లో, అంతకన్నా చవగ్గా దొరుకుతాయి. పోటీకి దిగేవాళ్లు వాటి జోలికి పోరు.

కారణం తెలియాలంటే ముందు లక్ష్యం కొలతలు చూడాలి. 50 మీటర్ల దూరంలో పది వలయాల గుర్తు ఉంటుంది. నట్టనడుమ ఉన్న పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. దాని చుట్టూ ఉన్న తొమ్మిది పాయింట్ల వలయం వ్యాసం 26.4. అంటే కేంద్రం నుంచి ప్రతి 8 మిల్లీమీటర్లకూ ఒక పాయింటు పోతుంది. ఫైనల్లో దశాంశాల్లో లెక్కిస్తారు. అత్యధికం 10.9. అక్కడ పాయింటులో పదో వంతు అంటే 0.8 మిల్లీమీటరు. ఈ 8 మిల్లీమీటర్ల లెక్కను గుర్తుంచుకోండి, ఈ కథనమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

తూటా పేరు పాయింట్ 22 లాంగ్ రైఫిల్. అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ 1880లలో తెచ్చిన డిజైను, ఇప్పటికీ పెద్దగా మారలేదు. సన్నని ఇత్తడి డొల్ల, దాని మూతిలో సుమారు 2.6 గ్రాముల సీసపు బుల్లెట్, లోపల చిటికెడు మందు. మందు బరువు గ్రాములో పదో వంతు కూడా ఉండదు. పోటీ తూటాలో బుల్లెట్ గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు. 20 డిగ్రీల వాతావరణంలో ధ్వని వేగం 343 మీటర్లు. తయారీదార్లు కావాలనే ఆ గీతకు ఇవతల ఆగిపోతారు. ఇంకాస్త మందు వేస్తే 380 దాకా తీసుకుపోవచ్చు, దుకాణాల్లో దొరికే 'హై వెలాసిటీ' రకాలు అవే. త్వరగా చేరేదాన్ని గాలి తక్కువ నెడుతుంది కదా, మరి పోటీ షూటర్లు అదెందుకు వాడరు? ఎవరికైనా మొదట తట్టే ప్రశ్న ఇదే. దీనికి జవాబు వెతకడం మొదలుపెట్టిన మనిషి మన దక్షిణాది మట్టిలోనే కన్నుమూశాడు.

ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లండ్‌లోని బాత్ నగరానికి చెందిన గణితజ్ఞుడు. ఇంటర్ ఫిజిక్సులో అభిఘాతాల పాఠం చదివినవాళ్లకు బాలిస్టిక్ పెండ్యులం గుర్తుండే ఉంటుంది. వేలాడదీసిన దిమ్మెలోకి తుపాకి పేలుస్తారు. బుల్లెట్ అందులో దిగబడిపోతుంది, దిమ్మె ఊగుతుంది. ఎంత ఎత్తుకు ఊగిందో కొలిస్తే బుల్లెట్ వేగం తెలుస్తుంది. పరీక్షలో నాలుగు మార్కుల లెక్కగా మనం చేసి మరిచిపోయిన ఆ పరికరాన్ని రాబిన్స్ 1742లో ఫిరంగి శాస్త్రం మీద రాసిన పుస్తకంలో లోకానికి చూపించాడు. అంతకు ముందు తూటా వేగాన్ని నమ్మకంగా కొలిచే దారే లేదు.

కొలిచాక తేలింది చూసి అందరూ నివ్వెరపోయారు. గెలీలియో నాటి నుంచి గుండు పారాబోలా దారిలో పోతుందనీ, గాలి నిరోధం లెక్కలోకి తీసుకోదగ్గది కాదనీ నమ్ముతూ వచ్చారు. రాబిన్స్ దిమ్మెను దగ్గరా దూరమూ పెట్టి పేల్చి చూస్తే, గాలి నిరోధం గుండు బరువుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని బయటపడింది. మన చిన్న పాయింట్ 22 బుల్లెట్‌నే తీసుకుందాం. 325 మీటర్ల వేగంతో బయల్దేరి 50 మీటర్లు పోయేసరికి దాని వేగం 300 దరిదాపులకు పడిపోతుంది. ఆరో వంతు సెకనులో అంత వేగం పోవాలంటే గాలి దాన్ని దాని బరువుకు పది రెట్లకు మించిన బలంతో వెనక్కి నెడుతూ ఉండాలి. ఆ పుస్తకాన్ని 1745లో లియొనార్డ్ ఆయిలర్ జర్మన్‌లోకి అనువదించి, సొంత వ్యాఖ్య కూడా జోడించాడు. అంతటివాడికి అనువదించాలనిపించిందంటే ఆ పుస్తకం విలువ ఏమిటో ఊహించుకోవచ్చు.

రాబిన్స్ మరో సంగతి కూడా గమనించాడు. వేగం పెరిగే కొద్దీ నిరోధం క్రమంగా పెరుగుతూ పోయి, ధ్వని వేగం దగ్గర ఒక్కసారిగా ఎగబాకుతోంది. కారణం ఆయన కాలంలో ఎవరికీ తెలియదు. ఈస్టిండియా కంపెనీ ఆయన్ని ఇంజనీర్ జనరల్‌గా నియమించి కోటలు బాగుచేయడానికి మద్రాసు తీరానికి పంపింది. 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. కారణం కంటికి కనబడడానికి మరో 136 ఏళ్లు పట్టింది. ఎర్న్‌స్ట్ మాక్, పీటర్ సాల్షర్ కలిసి ఎగురుతున్న బుల్లెట్ ముందు గాలి గొడుగులా చీలి నిలిచే ఆఘాత తరంగాన్ని ఫొటో తీసి 1887లో ప్రచురించారు. 

ధ్వని వేగానికి లోబడి పోతున్న బుల్లెట్ ముందున్న గాలికి దాని రాక ముందే తెలుస్తుంది. పీడన తరంగాలు ధ్వని వేగంతో ముందుకు పోయి గాలిని పక్కకు తప్పిస్తాయి. బుల్లెట్ ధ్వనిని అందుకునేసరికి ఆ కబురు ముందుకు పోలేక పోగుపడుతుంది. గాలి తప్పుకోదు, నలిగిపోతుంది. అలా నలపడానికి కావలసిన శక్తి బుల్లెట్ దగ్గర్నుంచే పోవాలి. అందుకే ధ్వని వేగానికి అటూ ఇటూ ఉన్న కాస్త మేర షూటర్లకు చేటు. 380తో బయల్దేరిన బుల్లెట్ 50 మీటర్లలోపే ఆ మేరలో పడి వేగం తొందరగా పోగొట్టుకుంటుంది. 325తో బయల్దేరింది ఆ గొడవ లేకుండా సాఫీగా పోతుంది.

ఇక గాలి సంగతి. పక్క గాలి బుల్లెట్‌ను ఎంత నెడుతుందన్నది అది గాలిలో ఎంతసేపు ఉందన్న దాని మీద ఆధారపడుతుందని చాలామంది అనుకుంటారు. సైనికులూ, ఏళ్ల తరబడి షూటింగ్ చేసినవాళ్లూ కూడా అలా అనడం విన్నాను. అది పొరపాటు. డిడియన్ అనే ఫ్రెంచి ఫిరంగిదళ అధికారి పేరుతో ఒక సూత్రం ఉంది. గాలే లేని శూన్యంలో బుల్లెట్ 50 మీటర్లు పోవడానికి ఎంత సమయం పడుతుందో లెక్కేయండి. నిజంగా పట్టిన సమయంలోంచి దాన్ని తీసేయండి. మిగిలిన తేడాను పక్క గాలి వేగంతో గుణించండి. వచ్చినదే బుల్లెట్ పక్కకు జరిగే దూరం. అంటే లెక్కలోకి వచ్చేది ఆలస్యమే తప్ప ప్రయాణ కాలం కాదు.

మన అంకెలు వేసి చూద్దాం. 325 మీటర్ల వేగం చెక్కుచెదరకపోతే 50 మీటర్లకు 0.154 సెకను చాలు. నిజానికి పట్టేది సుమారు 0.160. తేడా 0.006 సెకను. సెకనుకు ఒక మీటరు వేగంతో పక్క నుంచి గాలి వీస్తే బుల్లెట్ జరిగేది 6 మిల్లీమీటర్లు. సెకనుకు మీటరు గాలంటే ముఖానికి తగిలీ తగలనట్టుండే పిల్లగాలి. అదే ముప్పావు పాయింటును ఎగరగొడుతుంది. ఇప్పుడు హై వెలాసిటీ బుల్లెట్ చూడండి. చేరడం ముందే చేరుతుంది, కానీ దారిలో పోగొట్టుకునే వేగం ఎక్కువ కాబట్టి దాని ఆలస్యం 0.008 సెకను దాకా ఉంటుంది. అదే పిల్లగాలికి అది 8 మిల్లీమీటర్లు, అంటే పూర్తి పాయింటు పక్కకు పోతుంది. ముందు చేరేదాన్నే గాలి ఎక్కువ నెట్టింది. మన సహజబుద్ధికి మింగుడుపడకపోయినా రేంజిలో పరీక్షించి చూసుకోగలిగిన నిజం ఇది.

అందుకే 50 మీటర్ల రేంజిలో 10 మీటర్ల దగ్గరా 30 మీటర్ల దగ్గరా చిన్న గుడ్డ జెండాలు కడతారు. అనుభవజ్ఞులు దగ్గరి జెండానే ఎక్కువగా చూస్తారు. మొదట్లోనే పక్కకు తిరిగిన బుల్లెట్ మిగిలిన దారంతా ఆ కోణంలోనే పోతుంది కాబట్టి, చివర వీచే గాలి కన్నా మొదట వీచే గాలిది పెద్ద దెబ్బ.

వాతావరణ వేడి కూడా ఈ లెక్కలో వేలు పెడుతుంది. ధ్వని వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 5 డిగ్రీల చలిలో అది 334 మీటర్లు. హైదరాబాద్ మే నెల 42 డిగ్రీల ఎండలో దాదాపు 356. అంటే యూరప్ చలిలో పోటీ తూటా ప్రమాద మేర అంచున నడుస్తుంటే, మన ఎండలో దానికి బోలెడంత ఎడం దొరుకుతుంది. పైగా వేడి గాలి పలచన, నిరోధం తక్కువ. కానీ ఎండకు తుపాకి మందు కూడా త్వరగా మండుతుంది, బుల్లెట్ వేగం పెరుగుతుంది, గురి పైకి లేస్తుంది. తూటాల డబ్బాను ఎండలో పెట్టి పోటీ మధ్యలో నీడలోకి జరిపితే కిందకు దిగుతుంది. డబ్బాను మొదటి నుంచీ నీడలో ఉంచడానికి మించిన మందు దీనికి లేదు.

ఇక్కడిదాకా వేగం ఎంతుండాలన్న మాట. అసలు ముఖ్యమైనది అది ఎంత నిలకడగా ఉండాలన్నది. 0.16 సెకనులో భూమి బుల్లెట్‌ను సుమారు 12 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. సైటును ఆ మేరకు పైకి దిద్దుకుంటారు కాబట్టి ఆ 12 సెంటీమీటర్లతో ఎవరికీ పేచీ లేదు. ఒక తూటా 325తో, దాని వెనకది 315తో వెళితేనే చిక్కు. రెండోది దాదాపు 8 మిల్లీమీటర్లు దిగువన తగులుతుంది. షూటర్ ఊపిరి బిగబట్టి, గుండె రెండు స్పందనల నడుమ ట్రిగ్గర్ నొక్కి, అన్నీ సరిగ్గా చేశాక, కర్మాగారంలో ఎక్కడో జరిగిన చిన్న తేడా అతని పాయింటు లాక్కుపోతుంది. వేగం 3 శాతం తగ్గిందంతే.

అంత నిలకడ ఈ తూటాలో సాధించడం ఎంత కష్టమో దాని నిర్మాణం చూస్తే తెలుస్తుంది. పెద్ద తూటాల్లో నిప్పు రాజేసే ప్రైమర్ అడుగున నడుమ విడి గిన్నెలా ఉంటుంది. పాయింట్ 22లో అలా కాదు. తడిగా ఉన్న పేలుడు ముద్దను డొల్ల అడుగున వేసి, గిరగిరా తిప్పి, అంచు మడతలోకి చిమ్మేలా చేస్తారు. ఆ ముద్ద అంచంతా సమంగా పరుచుకోవాలి. ఒక వైపు పలచబడితే నిప్పు అంటుకునే తీరు మారుతుంది, దాంతో మందు మండే తీరూ మారుతుంది. సీసపు బుల్లెట్ పై పూత మందం, డొల్ల మూతి దాన్ని పట్టుకునే బిగువు కూడా ప్రతి తూటాకూ ఒకేలా రావాలి. ఆ బుల్లెట్ గొట్టంలోని గాళ్ల వెంట మెలి తిరుగుతూ, సెకనుకు 800 చుట్ల చొప్పున తిరుగుతూ బయటికొస్తుంది. నిమిషానికి లెక్కేస్తే 48 వేల చుట్లు. దాని అడుగు ఒక పక్క వెంట్రుకవాసి వంకరున్నా ఆ గిరగిరలో అది తూలుతుంది.

కాబట్టి ఎంత పేరున్న కంపెనీ అయినా ఒక లాటులా ఇంకో లాటు రాదు. వంటింట్లో ఉన్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు. అదే మిల్లు, అదే సోనా మసూరి, అయినా కొత్త బస్తా విప్పిన రోజున ఎసరు కొలత మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే. షూటర్లు చేసేదీ అదే. బర్మింగ్‌హామ్‌లోని ఎలీ కంపెనీకీ, జర్మనీలోని షోనెబెక్‌లో ఉన్న లాపువా శాఖకూ సొంత పరీక్షా సొరంగాలున్నాయి. అక్కడికి రైఫిల్ పట్టుకుపోతే దాన్ని బల్లకు బిగించి, మనిషి చెయ్యి తగలకుండా, ఒక్కో లాటు నుంచి పదేసి తూటాలు పేలుస్తారు. ఏ లాటు రంధ్రాలు దగ్గరగా గుంపుకడితే ఆ లాటులోంచే ఏడాదికి సరిపడా పెట్టెలు కొనుక్కుంటారు. ఒక రైఫిల్‌కు అమృతంలా పడిన లాటు పక్క రైఫిల్‌కు పడకపోవచ్చు. పేలినప్పుడు గొట్టం కొస సన్నగా కంపిస్తుంది. ఆ కంపనంలో నెమ్మది బుల్లెట్ కాస్త ఆలస్యంగా, గొట్టం కొస ఒక వెంట్రుకవాసి పైకి లేచిన క్షణాన బయటపడితే, తక్కువ వేగం వల్ల దిగాల్సినంతా ఆ కోణం వల్ల ఎక్కి రెండూ సరిపోతాయి. ఆ పొంతన ఏ గొట్టానికి ఏ లాటుతో కుదురుతుందో పేల్చి చూసి తెలుసుకోవాలే గాని, పెట్టె మీది అక్షరాలు చదివి చెప్పలేం.

కంపెనీ మార్చినప్పుడు మొదటి కొన్ని పదుల తూటాలను లెక్కలోకి తీసుకోకూడదని కూడా షూటర్లు చెబుతారు. ఒక్కో కంపెనీ బుల్లెట్ పూత ఒక్కోలా ఉంటుంది, గొట్టం లోపల పాత పూత పోయి కొత్తది కుదురుకోవాలి. ఇది నిజమే. తూటాలను అంచు మందాన్ని బట్టి, బరువును బట్టి ఇంట్లో కూర్చుని వేరుచేసే అలవాటు మీద మాత్రం నాకు పెద్ద గురి లేదు. మంచి లాటులో ఆ పనికి ఫలితం కనబడదు, చెడ్డ లాటు ఆ పనితో బాగుపడదు. ఆ గంటలేవో రేంజిలో గడిపితే మేలు.

ఈ పరీక్షలన్నిటిలో అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. అది తుపాకిలో లేదు, లెక్కలో ఉంది. మూడు తూటాలు కాల్చి, మూడు రంధ్రాలూ దగ్గరగా పడగానే ఫొటో తీసి పంపుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. గుంపు వెడల్పంటే దూరదూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య ఎడం. ఎక్కువ పేల్చే కొద్దీ ఆ ఎడం పెరగడమే గాని తగ్గడమన్నది ఉండదు. రైఫిల్, తూటా, మనిషి ఏమీ మారకపోయినా, సగటున మూడు తూటాలకు 10 మిల్లీమీటర్లు వచ్చే గుంపు పది తూటాలకు 16 మిల్లీమీటర్లకు చేరుతుంది. పైగా మూడు తూటాల గుంపు ఒకసారి 6 రావచ్చు, వెంటనే 14 రావచ్చు. 6 వచ్చిన కాగితాన్ని దాచుకుని, 14 వచ్చినప్పుడు 'చెయ్యి కదిలింది' అనుకోవడం మనిషి స్వభావం.

వేగం కొలిచే క్రోనోగ్రాఫుతోనూ ఇదే తంతు. ఐదు తూటాలు కాల్చి, వేగాల ప్రామాణిక విచలనం 3 అని చూసి మురిసిపోతారు. ఐదు కొలతలతో గణాంకశాస్త్రం అంత ధైర్యం ఇవ్వదు. నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పాలంటే అసలు విలువ 1.8 నుంచి 8.6 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. ఇరవై లాట్లు పరీక్షించి అన్నిటికన్నా బిగువైనదాన్ని ఎంచుకున్నప్పుడు కూడా అందులో కొంత దాని గుణం, కొంత ఆనాటి అదృష్టం. అందుకే తెలిసినవాళ్లు మొదటి వడపోతలో నెగ్గిన మూడు నాలుగు లాట్లను మళ్లీ పేలుస్తారు. రెండోసారి ఫలితాలు దాదాపు ఎప్పుడూ కాస్త నాసిగా వస్తాయి. ఆ రెండో అంకే నిజానికి దగ్గర.

తూటా సొంతంగా కూర్చుకునే విద్య, ఇంగ్లీషు దేశాల్లో హ్యాండ్‌లోడింగ్ అనేది, ఇక్కడే రంగంలోకి వస్తుంది. పాయింట్ 22కు అది కుదరదు. పేలినప్పుడు సూది తగిలి అంచు నలిగిపోతుంది, ఆ డొల్ల ఇక పనికిరాదు. 300 మీటర్లు, ఆపైన వెయ్యి గజాల పోటీల్లో వాడే పెద్ద తూటాల డొల్లను మాత్రం తిరిగి వాడవచ్చు. వాడేసిన ప్రైమర్ తీసి కొత్తది కొట్టి, డొల్లను అచ్చులో సరిచేసి, మందు తూచి పోసి, బుల్లెట్ బిగిస్తారు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఇదొక పెద్ద వ్యాపకం. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. బుల్లెట్‌కు ఒకటిన్నర సెకను ప్రయాణం. అక్కడ సెకనుకు 10 మీటర్ల వేగపు తేడా బుల్లెట్‌ను జానెడు పైగా కిందికి దించుతుంది. కాబట్టి అక్కడివాళ్లు నిలకడ కోసం పడే తాపత్రయంలో అర్థముంది.

ఏది నిలకడ తెస్తుందన్న విషయంలో మాత్రం అభిప్రాయాలు కొల్లలు, ఆధారాలు తక్కువ. భౌతికంగా చూస్తే ప్రధానమైనవి కొన్నే. డొల్లల లోపలి ఖాళీ సమానంగా ఉండాలి, లేకపోతే ఒకే మందు వేర్వేరు పీడనాలిస్తుంది. అందుకే డొల్లలన్నీ ఒకే కంపెనీవి, ఒకే లాటువి తీసుకుంటారు. డొల్ల మెడ బుల్లెట్‌ను పట్టే బిగువు సమానంగా ఉండాలి. ఇత్తడి పేలిన ప్రతిసారీ కాస్త గట్టిపడుతుంది కాబట్టి కొన్నిసార్లకోసారి మెడను వేడిచేసి మెత్తబరుస్తారు. మందు బరువు ఒకేలా ఉండాలి. బుల్లెట్ గొట్టంలోని గాళ్లను తాకడానికి ముందు దూకే దూరం ఒకేలా ఉండాలి. వీటిని దాటి పోయే సూక్ష్మాలు వందలున్నాయి. వాటిలో చాలావాటి ప్రభావం మూడు తూటాల గుంపులో కనబడి, ముప్పై తూటాల గుంపులో మాయమవుతుంది.

ఇంకో పాత సంగతి గుర్తుచేయాలి. బ్రిటన్ రైఫిల్ సంఘం పోటీల్ని 1860లో వింబుల్డన్‌లో విక్టోరియా రాణి మొదటి తూటా పేల్చి ప్రారంభించింది, 1890 నుంచి అవి బిస్లీలో జరుగుతున్నాయి. అక్కడి రాణి బహుమతి పోటీలో సంప్రదాయంగా అందరికీ ఒకే తూటాలు నిర్వాహకులే ఇచ్చేవాళ్లు. అప్పుడు ఎవరికీ తూటా కలిసొచ్చే అవకాశం లేదు, గాలిని చదవగలవాడే గెలుస్తాడు. నాకైతే ఆ పద్ధతే న్యాయమనిపిస్తుంది.

హ్యాండ్‌లోడింగ్‌లో ప్రాణం మీదకొచ్చే తప్పులు ఉన్నాయి. పెద్ద తూటాల్లో వాడకంలో ఉన్న పాయింట్ 308కి యూరప్ ప్రమాణాల సంస్థ అనుమతించే గరిష్ఠ పీడనం 4,150 బార్లు. పాయింట్ 22కు 1,700. మందు కాస్త పెంచితే పీడనం కాస్తే పెరుగుతుందనుకోవడం పొరపాటు. పీడనం పెరిగితే మందు ఇంకా త్వరగా మండుతుంది, త్వరగా మండితే పీడనం ఇంకా పెరుగుతుంది. ఒక డొల్లలో మందు రెండుసార్లు పడినా, ఒక రకం బదులు ఇంకో రకం పడినా రైఫిల్ మొహం మీద బద్దలు కావచ్చు. ఈ వ్యాపకానికి అనుమతి ఉన్న దేశాల్లో పెద్దలు చెప్పే మాటలు ఒకటే. మందు కంపెనీ ముద్రించిన తాజా పట్టికే ప్రమాణం, స్నేహితుడు చెప్పిన కొలత కాదు. అందులోనూ కనిష్ఠం నుంచి మొదలుపెట్టాలి. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బా కన్నా ఎక్కువ ఉండకూడదు. బుల్లెట్ బిగించే ముందు ప్రతి డొల్లలోకీ వెలుతురులో చూడాలి. టీవీ, ఫోను, కబుర్లు ఆ గదిలోకి రాకూడదు. ఒకసారి ఒక్క మార్పే చేసి, దాన్ని పుస్తకంలో రాసుకోవాలి.

ఇంత చేశాక కూడా చివరి మాట మనిషిదే. అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ 2004 ఏథెన్స్‌కు వెళ్లే ముందు అతని రైఫిల్‌ను ఎవరో పాడుచేశారు. అరువు తెచ్చిన రైఫిల్‌తో, పడుకుని కాల్చే ప్రోన్ పోటీలో స్వర్ణం గెలిచాడు. కొద్ది రోజులకే త్రీ పొజిషన్స్ ఫైనల్లో 3 పాయింట్ల ఆధిక్యంతో చివరి తూటాకు వచ్చి, పక్క లేనులోని లక్ష్యాన్ని గురిచూసి కొట్టాడు. సున్నా వచ్చింది. నాలుగేళ్లకు బీజింగ్‌లో మళ్లీ ఆధిక్యంలో ఉండి, చివరి తూటాకు గురి కుదరకముందే ట్రిగ్గర్ తగిలి 4.4 వచ్చి నాలుగో స్థానంలో మిగిలాడు. ఏ సొరంగంలోనూ ఈ సంగతి పరీక్షించలేరు.

మన దగ్గర చట్టం ఏమంటుందో చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఖాళీ డొల్లల్లో మందు నింపి చూద్దామన్న సరదా ఇక్కడ జైలు దాకా తీసుకుపోతుంది. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగు కుర్రాళ్లు తెలుసుకోవాల్సింది కూడా ఉంది. వారాంతాల్లో స్నేహితులతో రేంజికి వెళ్లి ఈ వ్యాపకం మీద మోజు పడేవాళ్లున్నారు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గాని, ఆఖరికి తూటా గాని దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు లేకపోలేదు. అవి తమకు వర్తిస్తాయో లేదో లాయర్ని అడగాలి, స్నేహితుణ్ని కాదు.

పిల్లల్ని ఈ ఆటలో పెట్టాలనుకునే తల్లిదండ్రులకు ఎయిర్ రైఫిలే సరైన మొదలు. 0.177 అంగుళాల క్యాలిబర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి మన నిబంధనల్లో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్క వాళ్ల లక్ష్యం. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచింది ఆ చుక్క మీదే. అక్కడ మందు లేదు, పేలుడు లేదు, గాలి జెండాలు లేవు. కానీ పెల్లెట్లు సీసానివి, లాటు లాటుకూ తేడా వాటిలోనూ ఉంటుంది. రేంజి నుంచి వచ్చిన పిల్లలు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే తిండి ముట్టాలి. సీసం పిల్లల మెదడుకు చేసే హాని తిరిగి సరిదిద్దుకోగలిగింది కాదు. కోచ్ చెప్పినా చెప్పకపోయినా ఈ ఒక్కటి మాత్రం మీరే పట్టుబట్టి చూసుకోండి.